ఆండ్రియాస్ మాల్మ్ అసలు ఏం చెప్పాడు, పైప్‌లైన్ పుస్తకం దగ్గరే ఎందుకు ఆగిపోకూడదు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. స్వీడన్‌లో ఆండ్రియాస్ మాల్మ్ అనే యూనివర్సిటీ టీచర్, ఆయిల్ పైప్‌లైన్లు, బొగ్గు గనుల యంత్రాలు లాంటివి ఉద్యమకారులు పాడుచేస్తే అది నైతికంగా తప్పు కాదు అని పుస్తకం రాశాడు, మరి ఇలాంటి రాడికల్ ప్రొఫెసర్ల వల్ల క్లైమేట్ ఉద్యమానికి మేలా కీడా, అసలు క్లాసులో పాఠం చెప్పుకునే మనిషికి ఈ గొడవలో పనేంటి అని. ఎనర్జీ చరిత్ర, ఆయిల్ బొగ్గు కంపెనీల రాజకీయం నేను చాలా ఏళ్ళుగా చదువుతూ, చెప్తూ ఉన్న సబ్జెక్టు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మాల్మ్ ఈ రంగానికి ఇచ్చిన గట్టి వస్తువు 2021లో వచ్చిన 'హౌ టు బ్లో అప్ ఎ పైప్‌లైన్' కాదండి, దానికి అయిదేళ్ళ ముందు వచ్చిన 'ఫాసిల్ క్యాపిటల్' అనే చరిత్ర పుస్తకం. మొదటిది టైటిల్ వల్లే ప్రపంచమంతా తెలిసిపోయింది, 2022లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది, టీవీ డిబేట్లలో అందరూ దాని గురించే కొట్టుకున్నారు. రెండోది లావుపాటి పుస్తకం, ఆయన పీహెచ్‌డీ థీసిస్ నుంచి పుట్టింది, బ్రిటన్ కాటన్ మిల్లుల గురించి. కానీ ఇవాళ సోలార్ ఇంత చవగ్గా దొరుకుతున్నా ఆయిల్ కంపెనీలు కొత్త బావులు ఎందుకు తవ్వుతున్నాయి అనే ప్రశ్నకి జవాబు కావాలంటే అందులోనే వెతకాలి.

మనిషి గురించి నాలుగు ముక్కలు. లుండ్ యూనివర్సిటీలో హ్యూమన్ ఎకాలజీ అసోసియేట్ ప్రొఫెసర్. మార్క్సిస్టు, ఆ సంగతి దాచుకునే రకం కాదు. యూనివర్సిటీకి రాకముందు స్వీడన్‌లో కార్మిక సంఘాల పత్రికకి రాసేవాడు. 1995లో బెర్లిన్‌లో ఐక్యరాజ్యసమితి మొట్టమొదటి క్లైమేట్ సదస్సు, అదే ఇప్పుడు మనం కాప్ అంటున్నది, జరిగినప్పుడు బయట నిరసన చేసిన కుర్రాళ్ళలో ఆయన ఒకడు. అంటే ముందు ప్రొఫెసర్ అయ్యి తర్వాత రోడ్డు మీదకి వచ్చిన మనిషి కాదన్నమాట, రోడ్డు మీంచి వెళ్ళి ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన రాతలో కోపం ఎక్కడి నుంచి వస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు కాటన్ మిల్లుల సంగతికి వద్దాం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటా.

స్కూల్లో మనందరికీ చెప్పిన కథ ఏంటి? జేమ్స్ వాట్ ఆవిరి ఇంజిన్ బాగుచేశాడు, అది మెరుగైంది, చవకైంది, అందుకని అందరూ దానికి మారిపోయారు, పారిశ్రామిక విప్లవం వచ్చేసింది అని. మాల్మ్ పాత రికార్డులు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల రిపోర్టులు, మిల్లు ఓనర్ల ఉత్తరాలు, పార్లమెంటు కమిటీల ముందు ఇచ్చిన వాంగ్మూలాలు తిరగేసి అడిగిన ప్రశ్న చాలా సింపుల్. వాట్ ఇంజిన్ 1780ల్లోనే మిల్లు తిప్పడానికి రెడీగా ఉంది కదా, మరి 1820ల దాకా బ్రిటన్ కాటన్ పరిశ్రమలో నీటి చక్రాలదే పైచేయి ఎందుకైంది, ఆ తర్వాత ఒక్కసారిగా కథ ఎందుకు మారింది? నది నీళ్ళకి డబ్బు కట్టక్కర్లేదు, బొగ్గు కొనాలి. అప్పటి పెద్ద నీటి చక్రాలు చాలా ఇంజిన్ల కన్నా బలమైనవి కూడా. నీళ్ళు అయిపోయాయా అంటే లేదు, వాడుకోని ప్రవాహాలు ఇంకా బోలెడు ఉన్నాయంటాడు ఆయన. స్కాట్లాండ్‌లో రాబర్ట్ థామ్ అనే ఇంజనీరు కొండల మీద రిజర్వాయర్లు కట్టి, కాలవలు తవ్వి, గ్రీనక్ ఊళ్ళో మిల్లులకి ఏడాది పొడుగునా నీళ్ళు అందే ఏర్పాటు చేశాడు, 1827లో అది మొదలైంది కూడా. అలాంటిదే మాంచెస్టర్ పక్కన ఇర్వెల్ నది మీద వెయ్యాలని ప్లాన్ వేశారు. కానీ దానికి మిల్లు ఓనర్లందరూ కలిసి డబ్బు పెట్టాలి, నీటి వాటాలు పంచుకోవాలి, నీళ్ళు వదిలే గేటు ఒకడి చేతిలో ఉంటే ఇంకొకడు వాడిని నమ్మాలి. ఎవడి లాభం వాడు చూసుకునే మనుషులు అలా కలిసి నడవలేకపోయారు.

ఇంతకంటే పెద్ద కారణం కూలీలు. నీళ్ళు ఎక్కడ పడితే మిల్లు అక్కడే కట్టాలి, అంటే కొండ లోయల్లో, మనుషులు లేని చోట. ఓనరు ఇళ్ళు కట్టించాలి, బడి, చర్చి, కొట్టు అన్నీ తనే పెట్టాలి, జనాన్ని ఎక్కడి నుంచో తీసుకొచ్చి నిలబెట్టుకోవాలి. చెషైర్‌లో బోలిన్ నది ఒడ్డున క్వారీ బ్యాంక్ మిల్లు ఇప్పటికీ ఉంది, మ్యూజియంగా చూడొచ్చు, అక్కడ అనాథ పిల్లల్ని అప్రెంటిస్ పేరుతో తెచ్చి పెట్టుకునే ఇల్లు ఒకటి ఉంది, ఒక టైంలో 90 మంది దాకా పిల్లలు అందులోనే ఉండి పనిచేశారు. అలాంటి చోట వర్కర్లు పని ఆపేస్తే వాళ్ళ ప్లేస్‌లో పెట్టడానికి పక్క వీధిలో మనుషులు ఉండరు, పెట్టిన ఇళ్ళు, చక్రం, ఆనకట్ట అన్నీ ఇరుక్కుపోతాయి. ఆవిరి ఇంజిన్ అయితే టౌన్ నడిబొడ్డున పెట్టుకోవచ్చు. పొద్దున్నే గేటు దగ్గర పని కోసం వందమంది నిలబడి ఉంటారు, ఒకడిని తీసేస్తే ఇంకొకడు రెడీ. ఖరీదు ఎక్కువైనా ఓనర్లకి అదే లాభం.

దీనికి చట్టం కూడా కలిసొచ్చింది, ఈ పాయింట్ చాలామంది వదిలేస్తారు. నదిలో నీళ్ళు తగ్గినప్పుడు మిల్లు ఆగిపోయేది, తర్వాత నీళ్ళొచ్చినప్పుడు ఆ పోయిన గంటలన్నీ కలిపి పిల్లలతో, ఆడవాళ్ళతో రాత్రి దాకా పని చేయించేవాళ్ళు. కార్మికులు పోరాడి పోరాడి 1833లో, తర్వాత 1847లో పది గంటల చట్టం దాకా పని గంటలకి హద్దులు తెచ్చుకున్నాక ఆ ఆట సాగదు. చట్టం పెట్టిన పది గంటల్లోనే పని పిండుకోవాలంటే అడిగిన నిమిషానికి తిరిగే, ఇంకా ఇంకా స్పీడు పెంచగలిగే యంత్రం కావాలి. బొగ్గు ఆ పని చేసిపెట్టింది. ఆ కాలంలో కార్మికులకి కూడా ఈ సంగతి బాగా తెలుసు, 1842లో లాంకషైర్ అంతా సమ్మె చేసినప్పుడు గుంపులు గుంపులుగా మిల్లు మిల్లుకీ వెళ్ళి బాయిలర్ల ప్లగ్గులు పీకేశారు, నీళ్ళు కారిపోయి ఇంజిన్లు ఆగిపోయాయి. చరిత్రలో దానికి ప్లగ్ అల్లర్లు అనే పేరే ఉంది.

దీన్నిబట్టి మాల్మ్ తేల్చింది ఏంటంటే, బొగ్గు గెలిచింది చవక కాబట్టి కాదు, పని చేయించుకునే వాళ్ళ చేతికి పని చేసేవాళ్ళ మీద పట్టు ఇచ్చింది కాబట్టి. 2014లో తన డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్న ఆల్ఫ్ హోర్న్‌బోర్గ్‌తో కలిసి రాసిన వ్యాసంలో ఇదే మాట ఇంకో రకంగా అన్నాడు, ఆంత్రోపోసీన్, అంటే మనిషి భూమినే మార్చేస్తున్న యుగం, అని పేరు పెట్టి మానవజాతి మొత్తం భూమిని వేడెక్కించింది అనడం అన్యాయం, ఆవిరి ఇంజిన్లు పెట్టాలని మానవజాతి ఎప్పుడూ ఓటు వెయ్యలేదు, బ్రిటన్‌లో ఆస్తి ఉన్న గుప్పెడు మంది పెట్టారు అని. కట్టెల పొయ్యి మీద వండుకునే మనిషినీ ప్రైవేట్ జెట్‌లో తిరిగే మనిషినీ ఒకే 'మనం'లో కలిపెయ్యకూడదు అనే ఆలోచన ఇవాళ అందరి నోటా వినిపిస్తోంది, దానికి అకడమిక్ పునాది వేసిన వాళ్ళలో వీళ్ళిద్దరూ ఉన్నారు.

ఈ వాదనకి ఎదురు చెప్పేవాళ్ళు లేకపోలేదు. ఆర్థిక చరిత్రకారుల్లో కొందరు, లాంకషైర్‌లో బొగ్గు గనుల పక్కనే ఉన్న చోట ఆవిరి నిజంగానే చవక, మంచి నీటి స్థలాలు అప్పటికే నిండిపోయాయి, మాల్మ్ స్కాట్లాండ్ ఉదాహరణల మీద ఎక్కువ బరువు పెట్టాడు అంటారు. నాకు చూస్తే ఆ విమర్శలో సగం నిజం ఉంది, ప్రాంతాన్ని బట్టి లెక్క మారుతుంది. కానీ కూలీల మీద పట్టు అనే కారణాన్ని ఎవరూ పూర్తిగా కొట్టిపారెయ్యలేకపోయారు, అదే ముఖ్యం.

దీని పక్కనే ఇంకో ఆలోచన పెట్టి చూడాలి. తిమోతీ మిచెల్ అనే రాజకీయ శాస్త్రవేత్త 2011లో, బొగ్గు వల్ల కార్మికులకి కూడా బలం వచ్చింది అని చూపించాడు. గని, రైలు, రేవు, ఈ మూడూ మనుషుల చేతుల మీదుగా నడిచేవి, ఆ మూడింటిలో ఎక్కడ ఆపినా దేశం ఆగిపోయేది, యూరప్‌లో ఓటు హక్కు, పింఛను, పని గంటలు ఇవన్నీ రావడంలో ఆ సమ్మెల చెయ్యి ఉంది. ఆయిల్ వచ్చాక పని చేసే మనుషులు తక్కువ, పైప్‌లైన్ దానంతట అదే పారుతుంది, ట్యాంకర్ ఓడని ఒక రేవు మూస్తే ఇంకో రేవుకి తిప్పుతారు. ఇరాన్ 1951లో ఆయిల్ జాతీయం చేస్తే బ్రిటన్ ఒత్తిడితో బయటి కొనుగోలుదార్లు దాని ఆయిల్ కొనడం మానేశారు, 1953లో బ్రిటన్, అమెరికా కలిసి ప్రభుత్వాన్నే కూలదోశాయి. మాల్మ్‌ని, మిచెల్‌ని కలిపి చదివితే ఒక్క సంగతి స్పష్టంగా కనపడుతుంది, ఏ ఇంధనం వాడతాం అన్నదానితో పాటే ఎవరి మాట నెగ్గుతుంది అన్నదీ తేలిపోతుంది.

ఇప్పుడు ఇవాళ్టికి రండి. 2010 నుంచి సోలార్ కరెంటు ఖర్చు దాదాపు 90 శాతం పడిపోయింది. అయినా 2024లో ఆయిల్, బొగ్గు, గ్యాస్ వల్ల గాల్లోకి వెళ్ళిన కార్బన్ డయాక్సైడ్ రికార్డు స్థాయిలో 37 బిలియన్ టన్నులు దాటింది. రేటు తగ్గితే మార్పు దానంతట అదే వస్తుంది అని ఇరవై ఏళ్ళుగా చెప్తూ వచ్చిన వాళ్ళకి ఇది మింగుడుపడదు. 2022లో యుక్రెయిన్ యుద్ధం వల్ల ధరలు పెరిగినప్పుడు ఎక్సాన్ మొబిల్ ఒక్కటే దాదాపు 56 బిలియన్ డాలర్లు లాభం చూపించింది, షెల్ దాదాపు 40 బిలియన్లు. బీపీ 2020లో మేము పదేళ్ళలో ఆయిల్ గ్యాస్ ఉత్పత్తి 40 శాతం తగ్గిస్తాం అని ప్రపంచానికి మాటిచ్చింది, 2023లో దాన్ని 25 శాతం చేసింది, 2025 ఫిబ్రవరిలో ఆ లక్ష్యమే ఎత్తేసింది. సోలార్ చవకయ్యే కొద్దీ కరెంటు అమ్మేవాడికి మిగిలేది తగ్గుతుంది, ఆయిల్‌లో మిగిలేది ఎక్కువ, పెట్టుబడి మిగిలే చోటికే పోతుంది. ఉప్సలా యూనివర్సిటీలో పనిచేసే బ్రెట్ క్రిస్టఫర్స్ 2024లో ఈ పాయింట్ లెక్కలతో సహా రాశాడు, ఆయన మాల్మ్ లాగా ఉద్యమ భాషలో మాట్లాడడు కానీ ఇద్దరూ వేరే దారుల్లో వచ్చి ఒకే గోడ దగ్గర ఆగారు.

ఆ గోడ పేరు ఆస్తి. ఇంధన కంపెనీల పెట్టుబడుల మీద లెక్కలు వేసే కార్బన్ ట్రాకర్ సంస్థ 2011లో వేసిన లెక్క ఈ రంగంలో ఉన్నవాళ్ళందరికీ గుర్తే, కంపెనీలు, ప్రభుత్వాలు తమ దగ్గర ఉన్నాయని రాసుకున్న నిల్వలు మొత్తం కాలిస్తే 2,795 బిలియన్ టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, రెండు డిగ్రీల హద్దు లోపల ఉండాలంటే 2050 దాకా కాల్చగలిగేది 565 బిలియన్ టన్నులే. అంటే అయిదింట నాలుగు వంతులు భూమిలోనే వదిలెయ్యాలి. అవన్నీ ఎవరో ఒకరి బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తిగా ఉన్నాయి, బ్యాంకులు వాటి మీద అప్పులిచ్చాయి, పెన్షన్ ఫండ్లు షేర్లు కొన్నాయి. ఇంత ఆస్తిని సున్నా చేసుకోమంటే ఏ యజమానీ నవ్వుతూ ఒప్పుకోడు. మాల్మ్, విమ్ కార్టన్ కలిసి 2024లో తెచ్చిన 'ఓవర్‌షూట్' పుస్తకం దీని గురించే, ముందు 1.5 డిగ్రీలు దాటనిచ్చి తర్వాత గాల్లోంచి కార్బన్ పీల్చేద్దాం అనే ప్లాన్లన్నీ ఈ ఆస్తిని ఇంకొన్నాళ్ళు బతికించుకోవడానికి వేసిన వాయిదాలు అని వాళ్ళ వాదన. 28 కాప్‌లు గడిచాక 2023లో దుబాయ్ తీర్మానంలో మొదటిసారి ఫాసిల్ ఫ్యూయల్స్ నుంచి పక్కకి జరగాలి అనే మాట రాయగలిగారంటే ఈ వాయిదా ఎంత బలమైందో ఆలోచించండి.

సరే, పైప్‌లైన్ పుస్తకం. టైటిల్ చూసి అందులో బాంబులు ఎలా చెయ్యాలో ఉంటుందనుకుంటారు, అలాంటిదేం లేదు, అదొక వాదన అంతే. ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ లాంటి క్లైమేట్ ఉద్యమ సంస్థలు శాంతియుతంగా ఉంటేనే గెలుస్తాం, చరిత్ర అదే చెప్తోంది, జనాభాలో 3.5 శాతం రోడ్డెక్కితే చాలు అనేవాళ్ళు, ఎరికా చెనోవెత్ అనే రాజకీయ శాస్త్రవేత్త పరిశోధనలోంచి తీసుకున్న సంఖ్య అది. మాల్మ్ ఆ చరిత్రని ఒక్కొక్కటీ తీసి చూపిస్తాడు. బ్రిటన్‌లో ఓటు హక్కు అడిగిన ఆడవాళ్ళు 1912లో లండన్ షాపుల అద్దాలు వరసపెట్టి పగలగొట్టారు, ఖాళీ భవంతులు తగలబెట్టారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష మీద పోరాడిన ఏఎన్‌సీ పార్టీ సాయుధ విభాగం 1980 జూన్‌లో సాసోల్ ప్లాంట్ల మీద దాడి చేసింది, అవి బొగ్గు నుంచి పెట్రోల్ తీసే ప్లాంట్లు. గాంధీ గారి మీద కూడా విమర్శ పెట్టాడు, అక్కడ మాత్రం నాకు ఆయన తొందరపడ్డట్టు అనిపిస్తుంది, 1918లో సైన్యానికి మనుషుల్ని చేర్పించడం లాంటివి ఎత్తి చూపడం వరకు సరే, కానీ ఉప్పు సత్యాగ్రహం ఒక సామ్రాజ్యం పన్ను వసూలు చేసే హక్కు మీదే ఎలా పడింది అన్నది లోతుగా తీసుకోలేదు. అది ముఖం దాచుకోకుండా చట్టాన్ని ధిక్కరించి జైలుకి పోయే పద్ధతి, నిష్క్రియ ఏమీ కాదు.

ఆయన పెట్టిన హద్దులు మాత్రం చెప్పుకోవాలి, విమర్శించేవాళ్ళు ఇవి వదిలేస్తారు. మనుషులకి దెబ్బ తగలకూడదు, ఆస్తి మాత్రమే. ఆస్తిలో కూడా ముందు విలాసానికి సంబంధించినవి. హెన్రీ షూ అనే తత్వవేత్త 1993లో బతకడానికి తప్పని ఉద్గారాలు వేరు, విలాసం కోసం చేసే ఉద్గారాలు వేరు అని గీత గీశాడు, మాల్మ్ దాన్నే పట్టుకున్నాడు. 2007లో స్టాక్‌హోమ్‌లో ధనవంతుల పేటల్లో రాత్రిపూట ఎస్‌యూవీల టైర్లలో గాలి తీసేసి, ఇది మీ మీద కోపం కాదు మీ బండి మీద అనే అర్థం వచ్చే కాగితం అద్దం మీద పెట్టి వెళ్ళిన గుంపులో ఆయన ఉన్నాడు, పనివాళ్ళ వ్యాన్లు, వికలాంగుల బళ్ళు ముట్టుకోకూడదని రూలు పెట్టుకున్నారు. అప్పట్లో చిల్లర పని అన్నారు. 2019లో ఇంటర్నేషనల్ ఎనర్జీ ఏజెన్సీ లెక్క తేలింది, 2010 తర్వాత పెరిగిన ఉద్గారాల్లో పవర్ ప్లాంట్ల తర్వాత రెండో స్థానం ఎస్‌యూవీలదే అని.

2016 మేలో జర్మనీ తూర్పు ప్రాంతం లుసాషియాలో జరిగిన ఎండె గెలెండె అనే బొగ్గు వ్యతిరేక ఆందోళన కూడా ఆయన దగ్గరుండి చూసిందే. మూడున్నర, నాలుగు వేల మంది తెల్ల ఓవరాల్స్ వేసుకుని వెల్ట్సో ఓపెన్ కాస్ట్ గనిలోకి దిగిపోయారు, ష్వార్ట్సె పుంపె పవర్ ప్లాంట్‌కి లిగ్నైట్ అనే నాసిరకం బొగ్గు మోసే రైలు పట్టాల మీద గడ్డి పరుచుకుని పడుకున్నారు, రెండు రోజులు బొగ్గు కదల్లేదు, ప్లాంట్ ఉత్పత్తి తగ్గించుకోవాల్సి వచ్చింది. ఆ గనులు ఎవరివి అంటే వాటెన్‌ఫాల్‌వి, అది స్వీడన్ ప్రభుత్వ కంపెనీ. మూసెయ్యండి, బొగ్గు భూమిలో వదిలెయ్యండి అన్నది ఉద్యమకారుల డిమాండు, స్వీడన్ ప్రభుత్వం అదే ఏడాది ఆ గనుల్ని చెక్ కంపెనీకి అమ్మేసి చేతులు దులుపుకుంది. గ్రీన్ పార్టీ మంత్రులున్న ప్రభుత్వం అది. మాల్మ్ ఎందుకంత చేదుగా రాస్తాడో తెలియాలంటే ఈ ఒక్క సంఘటన చాలు.

ఇప్పుడు ఆయనతో నాకు కుదరని చోట్లు.

అన్నిటికన్నా పెద్దది, మూల్యం ఎవరు కడుతున్నారు అన్నది. జెస్సికా రెజ్నిచెక్, రూబీ మోంటోయా అనే ఇద్దరు అమ్మాయిలు అమెరికాలోని అయోవాలో డకోటా యాక్సెస్ పైప్‌లైన్ కడుతున్నప్పుడు మెషిన్లు తగలబెట్టారు, వాల్వులు పాడుచేశారు, ఎవ్వరికీ దెబ్బ తగల్లేదు, 2017 జూలైలో వాళ్ళంతట వాళ్ళే జనం ముందుకొచ్చి మేమే చేశాం అని ఒప్పుకున్నారు. మాల్మ్ పుస్తకంలో వాళ్ళని ఆదర్శంగా చూపిస్తాడు. 2021లో రెజ్నిచెక్‌కి కోర్టు టెర్రరిజం కింద శిక్ష పెంచి ఎనిమిదేళ్ళు వేసింది, మరుసటి ఏడాది మోంటోయాకి ఆరేళ్ళు. పైప్‌లైన్ 2017 జూన్ నుంచి నడుస్తూనే ఉంది. పర్మనెంట్ ఉద్యోగం ఉన్న యూరప్ ప్రొఫెసర్ రాసిన మాటకీ, జైలు సెల్‌లో గడిచే ఎనిమిదేళ్ళకీ మధ్య దూరం చాలా ఉంది. ఆ దూరం గురించి పుస్తకంలో ఒక పూర్తి చాప్టర్ ఉండాల్సింది, లేదు. నేను చదువు చెప్పే పిల్లలు పాతికేళ్ళ లోపు వాళ్ళు, వాళ్ళు ఈ పుస్తకం చేత్తో పట్టుకుని వచ్చి అడిగినప్పుడు ముందు చెప్పేది ఈ కేసు గురించే.

రెండోది, దీని వల్ల ఆయిల్ ఆగుతుందా అన్నది. 2019 సెప్టెంబర్‌లో సౌదీలో అబ్‌కైక్ ప్లాంట్ మీద డ్రోన్లు, క్షిపణులతో దాడి జరిగింది, యెమెన్ హూతీలు మేమే అన్నారు, ప్రపంచ సరఫరాలో దాదాపు అయిదు శాతం ఒక్క పొద్దులో ఆగింది. కొన్ని వారాల్లోనే మళ్ళీ మామూలైపోయింది. అంత పెద్ద సైనిక దాడికే అంత తక్కువ ఫలితం అయితే, చీకట్లో చిన్న గుంపు చేసే పని వల్ల ఏం ఆగుతుంది? 2022లో నార్డ్ స్ట్రీమ్ గ్యాస్ పైపులు బాల్టిక్ సముద్రంలో పేలినప్పుడు లక్షల టన్నుల మీథేన్ గాల్లో కలిసింది, అది క్లైమేట్ వాళ్ళు చేసింది కాదు, కానీ గ్యాస్ పైపు పగలగొడితే వాతావరణానికి మేలు అని ఎవరూ అనకూడదు అనడానికి అది చాలు. మాల్మ్ వైపు వాళ్ళు దీనికి ఇచ్చే జవాబు, ఆయిల్ ఆపడం లక్ష్యం కాదు, కొత్త ప్రాజెక్టుల్లో పెట్టుబడి రిస్కుగా మార్చడం లక్ష్యం అని. వాదనగా బాగానే ఉంటుంది, నిరూపణ మాత్రం ఇప్పటిదాకా బలహీనంగానే ఉంది.

మూడోది ప్రభుత్వం ఎలా తిరగబడుతుంది అన్నది, ఇక్కడ లెక్క రెండు వైపులా పోతుంది. బ్రిటన్‌లో 2022లో ఒక చట్టం, 2023లో ఇంకో చట్టం తెచ్చి నిరసనలకి శిక్షలు పెంచారు. 2024 జూలైలో జస్ట్ స్టాప్ ఆయిల్ అనే క్లైమేట్ ఉద్యమ సంస్థ వాళ్ళు అయిదుగురికి శిక్ష పడింది, ఎం25 హైవేని ఆపడానికి జూమ్ కాల్‌లో ప్లాన్ వేసినందుకు, రోజర్ హాలమ్‌కి అయిదేళ్ళు, మిగతా నలుగురికి నాలుగేసి ఏళ్ళు, 2025లో అప్పీలులో కొంచెం తగ్గించారు. వాళ్ళెవరూ ఏదీ పేల్చలేదు, రోడ్డు ఆపే ప్లాన్ వేశారు అంతే. ఫ్రాన్స్‌లో 2023 జూన్‌లో 'భూమి తిరుగుబాట్లు' అనే అర్థం వచ్చే పేరున్న సంస్థని రద్దు చేస్తూ ప్రభుత్వం తెచ్చిన ఆర్డర్‌లో మాల్మ్ పేరే ప్రస్తావించారు, ఒక విదేశీ ప్రొఫెసర్ ఆలోచనల్ని చూపించి సంఘాన్ని మూసెయ్యడం ఎక్కడైనా విన్నారా? అదే ఏడాది నవంబర్‌లో అక్కడి అత్యున్నత పరిపాలనా కోర్టు ఆ రద్దుని కొట్టేసింది. మెత్తగా ఉన్నా జైలే, గట్టిగా ఉన్నా జైలే అన్నప్పుడు మెత్తగా ఉండటం వల్ల రక్షణ ఏముంది అని మాల్మ్ అభిమానులు అడుగుతారు, ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఇంకో మాట ఉంది. జస్ట్ స్టాప్ ఆయిల్ మొదట్నుంచీ అడిగింది కొత్త ఆయిల్ గ్యాస్ లైసెన్సులు వద్దని, 2024లో గెలిచిన లేబర్ పార్టీ మేనిఫెస్టోలో అదే ఉంది. 2022 నవంబర్‌లో వాళ్ళు ఎం25 ఆపిన వారం ముందూ తర్వాతా సర్వే చేసి చూస్తే, జనంలో ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ లాంటి మెత్తటి సంస్థలకి మద్దతు కొంచెం పెరిగింది. దీన్నే రాడికల్ ఫ్లాంక్ ఎఫెక్ట్ అంటారు, గట్టిగా అరిచేవాళ్ళ పక్కన నిలబడితే మామూలుగా మాట్లాడేవాళ్ళు ఒప్పుకోదగ్గ మనుషుల్లా కనపడతారు. మాల్మ్ పుస్తకం మొత్తం ఈ ఎఫెక్ట్ మీద నమ్మకంతో నడుస్తుంది.

కోర్టు దారి ఎంత దూరం పోతోందో కూడా చూడండి. సర్రేలో హార్స్ హిల్ ఆయిల్ బావి మీద సారా ఫించ్ అనే ఆవిడ ఏళ్ళ తరబడి కేసు నడిపితే, 2024 జూన్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు, అనుమతి ఇచ్చేముందు ఆ ఆయిల్ కాల్చినప్పుడు వచ్చే కార్బన్ కూడా లెక్కలోకి తీసుకోవాలి అని తీర్పిచ్చింది. ఆ తీర్పు ఆధారంగానే 2025 జనవరిలో స్కాట్లాండ్ కోర్టు రోజ్‌బ్యాంక్ ఆయిల్ క్షేత్రం అనుమతి చట్టబద్ధం కాదంది. ఇది మాల్మ్ పుస్తకాల్లో కనపడని పోరాటం, చాలా నెమ్మది, చాలా విసుగు, కానీ సరిగ్గా ఆస్తి అనే ఆ గోడ మీదే దెబ్బ కొడుతోంది.

ఇంకో విషయం దాటవెయ్యకూడదు. 2023 అక్టోబర్ తర్వాత పాలస్తీనా సాయుధ పోరాటానికి మద్దతుగా మాల్మ్ మాట్లాడిన మాటల మీద చాలా తీవ్రమైన విమర్శ వచ్చింది, ఆయనతో కలిసి నడిచిన ఎడమ పక్షం వాళ్ళలో కూడా చాలామంది దూరం జరిగారు. పౌరుల్ని చంపడాన్ని నేను ఏ కారణం కిందా సమర్థించను, ఆస్తికీ మనుషులకీ మధ్య తనే గీసిన గీత ఆయనకి ఇక్కడ ఎందుకు అంత గట్టిగా కనపడలేదు అన్నది న్యాయమైన ప్రశ్నే అనుకుంటా. అలాగని కాటన్ మిల్లుల రికార్డుల్లో ఆయన చూపించింది అబద్ధం అయిపోదు.

ఇక, క్లాసులో ఉండాల్సిన మనిషికి అక్కడ పనేంటి అన్న ప్రశ్న. మాల్మ్ ఒక్కడినే చూడొద్దు. జేమ్స్ హాన్సెన్ నాసాలో ఉంటూ 1988లో అమెరికా సెనేట్ ముందు భూమి వేడెక్కుతోంది అని సాక్ష్యం చెప్పాడు, ఇరవై ఏళ్ళు ఆగాడు, ఏమీ జరక్కపోతే 2009లో వెస్ట్ వర్జీనియాలో బొగ్గు గని దగ్గర, 2011లో వైట్ హౌస్ ముందు అరెస్టయ్యాడు. పీటర్ కాల్మస్ అనే ఇంకో నాసా సైంటిస్టు 2022 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో జేపీ మోర్గన్ చేజ్ బ్యాంకు తలుపుకి తనని గొలుసుతో కట్టేసుకుని, మా పిల్లల కోసం అంటూ గొంతు పూడుకుపోయి మాట్లాడాడు, ఆ వీడియో చూడండి. రోజ్ అబ్రమాఫ్ అనే క్లైమేట్ సైంటిస్టు అదే ఏడాది చివర ఒక సైంటిస్టుల సదస్సు స్టేజీ మీద బ్యానర్ విప్పితే, 2023 జనవరిలో ఆవిడ పనిచేసే ఓక్ రిడ్జ్ ల్యాబ్ ఆవిడని ఉద్యోగంలోంచి తీసేసింది. మరోపక్క నవోమీ ఒరెస్కెస్, జెఫ్రీ సుప్రాన్ అనే ఇద్దరు పరిశోధకులు ఏ గొలుసూ కట్టుకోకుండా ఎక్సాన్ సొంత ఫైళ్ళు చదివి, కంపెనీ సైంటిస్టులు 1970ల నుంచే వేడి ఎంత పెరుగుతుందో కచ్చితంగా లెక్క వేశారు, బయటికి మాత్రం అనుమానం పంచారు అని నిరూపించారు. ఇవాళ అమెరికాలో ఆయిల్ కంపెనీల మీద వేస్తున్న కేసుల్లో ఆ పేపర్లే సాక్ష్యం.

నా లెక్కలో రాడికల్ అకడమిక్ చేసే అసలు పని, ఉద్యమం తనంతట తాను అడగలేని ప్రశ్న అడగడం, రికార్డుల్లో దాక్కున్న కారణాన్ని బయటికి లాగడం. మాల్మ్ 2016లో ఆ పని చేశాడు. 2021లో సలహా ఇచ్చాడు, సలహా మీద నాకు నమ్మకం తక్కువ, ఆ ప్రశ్న మీద మాత్రం గౌరవం ఎక్కువ.

మీరు మొదలుపెట్టేటట్టయితే ముందు 'ఫాసిల్ క్యాపిటల్'లో నీటి చక్రాలు, థామ్ రిజర్వాయర్లు ఉన్న చాప్టర్లు చదవండి, చివర్లో సిద్ధాంతం ఎక్కువైన చోట విసుగొస్తే వదిలెయ్యండి. తర్వాత మిచెల్ పుస్తకం. ఆ తర్వాత పైప్‌లైన్ పుస్తకం, ఒక్క రోజులో అయిపోతుంది, దాంతో పాటే రెజ్నిచెక్ కేసులో కోర్టు వివరాలు కూడా దొరికినంత చదవండి. గ్రీనక్ కాలవల గురించి గానీ 1842 సమ్మె గురించి గానీ డౌట్లుంటే అడగండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే, తెలిసినంత రాస్తా.